టార్పాలిన్ కప్పిన మెషీన్

గౌరవనీయులైన రాష్ట్ర పరిశ్రమల శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షెడ్డు నడుపుకుంటున్నాను. మా నాన్న పెట్టిన షెడ్డు, స్థలం మాత్రం ఈ రోజుకీ అద్దెదే.

1991 జులైలో పి.వి. గారి ప్రభుత్వం చాలా పరిశ్రమలకు లైసెన్సు అక్కర్లేదంది. చిన్న పరిశ్రమలకే అంటూ కేటాయించిన వస్తువుల్లో మిగిలిన 20 కూడా 2015లో ఆ జాబితాలోంచి పోయాయి. పోవడమే మంచిదైంది. పెద్దగా ఎదిగితే ఆ వస్తువు చేయకూడదంటే ఎవడు ఎదుగుతాడు?

కానీ పని తెలిసినవాడి దగ్గరకు డబ్బు రావడం లేదు. మా టర్నర్, అంటే లేత్ నడిపేవాడు, బుష్ అనే గుండ్రటి పార్ట్ తీశాక ముందు దాని రంధ్రంలో వేలు పెట్టి తిప్పి చూస్తాడు, ఆ తర్వాతే కొలిచే గేజ్ అందుకుంటాడు. రెండూ ఒకే మాట చెబుతాయి. ఆర్డర్లు ఉన్నాయి, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషీన్ కావాలి. బ్యాంకుకు ఆర్డర్లు, బిల్లులు పట్టుకెళ్తే, "స్థలం ఎవరి పేరున ఉంది?" అన్నారు. అంతే. మా రోడ్డులోనే సొంత స్థలం ఉన్న ఒకాయనకు లోన్ వచ్చింది. ఆర్డర్లు లేక ఆయన మెషీన్ నెలలో సగం రోజులు టార్పాలిన్ కప్పుకునే ఉంటుంది.

మన దేశంలో పెట్టుబడి, కార్మికులు ఫ్యాక్టరీల మధ్య అమెరికాలో మాదిరిగా సర్దుకుంటే ఉత్పాదకత 40 నుంచి 60 శాతం పెరుగుతుందని 2009లో సియే, క్లెనో అనే ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. ఆ లెక్క నాకు రోజూ ఆ టార్పాలిన్ కింద కనిపిస్తుంది.

చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 చట్టం ప్రకారం మా బిల్లు 45 రోజుల్లో రావాలి. ఒక పెద్ద కంపెనీ నుంచి నాలుగు నెలల బిల్లు ఆగింది. గట్టిగా అడిగితే తర్వాతి ఆర్డర్ పోతుందని టెన్షన్. తాకట్టు లేకుండా బిల్లు మీదే డబ్బిచ్చే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ ఏర్పాటు ఉంది, 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు అందులో చేరాలని కేంద్రం 2024లో చెప్పింది. చేరడం వేరు, బిల్లుకు ఓకే కొట్టడం వేరు. వాళ్లు ఓకే కొట్టందే మాకు పైసా రాదు.

నేను సబ్సిడీ అడగడం లేదు. అడిగినా ఎప్పటికొస్తుందో! రాష్ట్ర ప్రభుత్వ సంస్థలు వారంలోగా మా బిల్లులకు ఓకే చెప్పేలా ఉత్తర్వు ఇప్పించండి. మీరు భూమి, రాయితీలు ఇచ్చే కంపెనీలకూ అదే షరతు పెట్టండి. రాయితీ విడుదల చేసేముందు, చిన్న యూనిట్లకు ఎంత బాకీ ఉన్నారో ఒక్కసారి అడగండి.

మా రోడ్డు ఆయన, మిగిలిన లోన్ కట్టేసి మెషీన్ అమ్ముకుంటానంటున్నాడు. నా బిల్లు వస్తే అడ్వాన్స్ ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఆటోనగర్ లేత్ షెడ్డు యజమాని