నేలకూ ఒక చట్టం కావాలి: వ్యవసాయ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ముందుగా మీ కార్యాలయంలో ఒక చిన్న పరీక్ష చేయించమని కోరుతున్నాను. ఏళ్ల తరబడి దున్నుతూ వచ్చిన చేనులోంచి ఒక మట్టిపెడ్డ, దాన్ని ఆనుకుని ఎవరూ దున్నని గట్టు మీద నుంచి ఇంకో పెడ్డ తెప్పించండి. రెండూ బాగా ఆరాక నీళ్లున్న రెండు గాజు గ్లాసుల్లో మెల్లగా వదలండి. చేనులోని పెడ్డ మామూలుగా కొద్ది నిమిషాల్లోనే విచ్చిపోయి నీళ్లన్నీ బురదవుతాయి. గట్టు మీది పెడ్డ చాలాసేపు చెదరదు. నేల ఒకటే. వేర్లు, శిలీంధ్రాలు, వానపాములు కలిసి తయారుచేసే జిగురు ఒకదానిలో మిగిలింది, ఇంకోదానిలో పోయింది. అది పోయిన నేల మీద వాన పడితే పైపొర మూసుకుపోతుంది. నీరు ఇంకకుండా మట్టిని వెంటబెట్టుకుని కాలువలోకి పోతుంది.

ఒక్క సెంటీమీటరు పైమట్టి తయారవడానికి వందల ఏళ్లు పట్టొచ్చు. మన తిండిలో దాదాపు 95 శాతం నేల నుంచే వస్తోందనీ, ప్రపంచ నేలల్లో మూడో వంతు ఇప్పటికే దెబ్బతిన్నాయనీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చెబుతోంది. అయినా నేల పాడైతే జవాబు చెప్పాల్సిన అధికారి ఎవరు? మీ శాఖ ఎరువుల లెక్క చూస్తుంది, గనుల శాఖకు మట్టి తవ్వుకునే సరుకు, పట్టణాభివృద్ధి శాఖకు అది ప్లాటు.

అమెరికా మైదానాల్లో గడ్డిభూములను విచ్చలవిడిగా దున్నేశాక, 1930లలో కరువు రాగానే మట్టి దుమ్ముమేఘాలై లేచింది. 1935లో ఆ దుమ్ము రాజధాని వాషింగ్టన్ దాకా వచ్చిన రోజుల్లోనే నేల శాస్త్రవేత్త హ్యూ హామండ్ బెనెట్ పట్టుబట్టి నేల సంరక్షణ చట్టం తెప్పించారు. ఆ తర్వాత జరిగింది నా దృష్టిలో ఇంకా ముఖ్యం. 1937లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రాష్ట్రాలకు ఒక నమూనా చట్టం పంపారు. దాని ప్రకారం స్థానికులే ఓటు వేసి తమ ప్రాంతానికి నేల సంరక్షణ మండలిని పెట్టుకోవచ్చు. ఇప్పుడు అక్కడ అలాంటివి దాదాపు 3,000 ఉన్నాయి. రైతును పక్కన పెడితే ఏమవుతుందో శ్రీలంక చూపించింది: 2021లో ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి, పంటలు దెబ్బతిని, ఆ ఏడాది తిరక్కుండానే వెనక్కి తగ్గింది.

అందుకే కౌలు రైతు గురించి గట్టిగా అడుగుతున్నాను. నేలలో సేంద్రియ కర్బనం, అంటే కుళ్లిన ఆకులు, వేర్లు, పేడ నుంచి మట్టిలో చేరే కర్బనం, పెరగడానికి ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడాది చేను తన చేతిలో ఉంటుందో లేదో తెలియనివాడు పశువుల ఎరువు ఎందుకు తోలతాడు? నేలలోనే కలియదున్నే పచ్చిరొట్ట పైరు ఎందుకు వేస్తాడు? అతణ్ణి తప్పుపట్టలేం. కౌలుకు కనీసం ఐదేళ్ల గ్యారంటీ ఉండాలి, నేల బాగుచేసినందుకు నేరుగా అతనికే డబ్బు అందాలి.

మనందరి చూపులోనూ లోపం ఉంది. గడ్డిపరక లేకుండా నున్నగా దున్నిన చేనును మెచ్చుకుంటాం. కొయ్యకాళ్లు, ఆకులు కప్పి ఉంచిన చేను కనిపిస్తే సోమరి సేద్యం అంటాం. ఉత్తమ రైతు అవార్డు ఇచ్చేటప్పుడు దిగుబడితో పాటు మట్టినీ పరీక్షించండి. ఊళ్లో మాట దానంతటదే మారుతుంది. పట్టణాల్లో ఉన్నవాళ్లం తడిచెత్తను నిజంగా వేరుచేయాలి, గాజుపెంకులు, ప్లాస్టిక్ కలిసిన కంపోస్టును ఏ రైతు చేలో చల్లుకుంటాడు? ఇల్లు కట్టేటప్పుడు పైమట్టిని విడిగా తీసి పెట్టడం పర్మిషన్‌లోనే ఒక షరతు కావాలి.

నేలల పర్యవేక్షణకు యూరోపియన్ యూనియన్ 2025లో చట్టం చేసింది. మీరూ వచ్చే సమావేశాల్లోపు ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టండి. కొన్ని చేలను ఎంచుకుని, ప్రతిసారీ అవే చేలల్లో ఐదేళ్లకోసారి కర్బనం కొలిచి ఫలితాలు బయటపెట్టాలనీ, ప్రతి జిల్లాలో ఒక అధికారి దానికి జవాబుదారీ కావాలనీ అందులో స్పష్టంగా రాయండి. అభ్యంతరాలు, సూచనలు పంపడానికి రైతులకు కనీసం మూడు నెలల గడువు ఇవ్వండి.

ఇట్లు,
ఒక పౌరుడు