మా అమ్మ వంటింటి పొగగొట్టాన్ని నిలబెట్టిన వారికి కృతజ్ఞతలు

మా అమ్మ వంటింటి పొగగొట్టాన్ని మళ్ళీ నిలబెట్టిన మేస్త్రీ గారికి, ఆ పనిలో చేయి వేసిన మా వాడకట్టు వారందరికీ కృతజ్ఞతలు చెప్పుకోవడానికి ఇది రాస్తున్నాను. పని ముగిసి ఏడాదైంది. ఒక పూర్తి వానాకాలం గడిచి, గోడ పొడిగా ఉందని నా చేత్తో తడిమి చూసుకున్నాకే రాయాలని ఇన్నాళ్ళు ఆగాను. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వాన వెలిసిన మరునాడు పొయ్యి వెనక గోడను పైనుంచి కింది దాకా తడిమాను. ఎక్కడా చెమ్మ తగలలేదు.

మాది హుజూర్‌నగర్ దగ్గరి పల్లె, నాయన పుట్టకముందు కట్టిన పెంకుటిల్లు. గ్యాస్ ఉన్నా జొన్నరొట్టెలకు అమ్మ కట్టెల పొయ్యే వెలిగిస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కోదాడ, హుజూర్‌నగర్ ప్రాంతాలను ముంచెత్తిన వానలకు పొగగొట్టం పైన నాలుగు వరుసల ఇటుకలు కూలాయి. కొన్ని పెంకుల మీద పడ్డాయి, కొన్ని గొట్టం లోపలికి జారి పొగ దారిని మూసేశాయి. ఆ సంగతి తెలియక అమ్మ పొయ్యి ముట్టిస్తే పొగంతా ఇంట్లోకే మళ్ళింది. దగ్గు విని పరుగున వచ్చి, తలుపులు బార్లా తెరిచి అమ్మను బయటికి తెచ్చిన పక్కింటి చిన్నమ్మకు మొదటి దండం.

చూడడానికి వాన చేసిన నష్టమే అయినా, గొట్టం అంతకు ముందు నుంచే లోలోపల చెడుతూ వచ్చింది. కొన్నేళ్ళ కిందట చిన్న పగుళ్ళు కనిపిస్తే, గట్టిగా ఉంటుందని నేనే దాని చుట్టూ సిమెంటు పూత వేయించాను. పాత ఇటుక మెత్తనిది, దాని సున్నం కూడా మెత్తనిదే. రెండూ తాగిన నీటిని ఎండకు తిరిగి వదిలేస్తాయి. పైన సిమెంటు పొర బిగిసేసరికి, పగుళ్ళ గుండా దిగిన వాననీరు బయటికి పోయే దారి లేక లోపలే నిలిచి, మసితో కలిసి గోడ మీద గోధుమరంగు చారలుగా దిగింది. మేస్త్రీ గారు తాపీ మొనతో తట్టగానే సిమెంటు పలకలుగా ఊడింది, ఒక్కో పలక వెనక ఇటుక ముఖం కూడా లేచి వచ్చింది. ఆ ఇటుక ముక్కను ఆయన వేళ్ళ మధ్య నలిపితే ఎర్రటి పిండిలా రాలింది.

“సిమెంటు పెడితె రెండు రోజుల్ల అయితది బిడ్డా, గని ఇటుక బతుకదు. సున్నం పెడుదాం, జర ఓపిక పట్టు” అన్నారు. తొందరగా ముగించి కూలి తీసుకుని వెళ్ళగలిగిన మనిషి అలా అనడం నేను మరచిపోలేను. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న మా వైపు కాల్చిన సున్నం దొరకడమే కష్టమైంది. దాన్ని వెతికి మిర్యాలగూడ నుంచి తన ఆటోలో తెచ్చిన తమ్ముడు కిరాయి కూడా తీసుకోలేదు. సెప్టెంబరులోనే సున్నాన్ని నీళ్ళలో నానబెట్టి, కూలిన గొట్టానికి తార్పాలిన్ కట్టి, వానలు వెనకబట్టేదాకా ఆగాము.

పాత ఇటుక ఇప్పటి ఇటుక కంటే పలుచన కావడంతో కొత్తవి వరుసకు కలవలేదు. ఈ మాట తెలిసి, మా వీధి చివరి పెద్దనాన్న గారు పడిపోయిన తమ ఇంటి ఇటుకలను ఏరి, మట్టి గీకి, బండి మీద పంపించారు. దసరా తర్వాతి వారం పని మొదలైంది. మేస్త్రీ గారు ప్రతి ఇటుకనూ గంగాళంలో ముంచి, బుడగలు రావడం ఆగాకే బయటికి తీసేవారు. పొడి ఇటుక సున్నంలోని తడిని పీల్చేస్తే పట్టు రాదట. మిగిలిన గోడలో ఇటుకల మధ్య సందులను అంగుళం లోతు గీకి, ఇసుక, ఇటుక పొడి కలిపిన సున్నాన్ని పొరలు పొరలుగా అదిమారు. పెంకులు గొట్టాన్ని తాకే చోట ఒక ఇటుక వరుసను కాస్త ముందుకు జరిపి కట్టడం వల్ల, గోడ వెంట జారే నీరు సందులోకి దిగకుండా పెంకుల మీద పడుతోంది. శిఖరాన నాలుగు చిన్న కాళ్ళ మీద షాబాదు బండ పరిచారు. పొగ నాలుగు వైపులా పోతుంది, వాన లోపలికి రాదు. గోడ దాటి రెండంగుళాలు ముందుకొచ్చిన ఆ బండ అంచు కింద సన్నని గాడి కొట్టారు. దాని దగ్గరికి వచ్చిన నీటిబొట్టు వెనక్కి పాకకుండా అక్కడే తెగి కింద పడడం ఈ వానాకాలంలో ఎన్నోసార్లు నిలబడి చూశాను.

తరువాత తడి గోనె సంచులు చుట్టి పది రోజులు ఉదయం, సాయంత్రం నీళ్ళు చల్లాము. నేను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళిన రోజుల్లో ఆ పని చిన్నమ్మ కొడుకు, బడికి పోయే పిల్లవాడు, ఒక్క పూట తప్పకుండా చేశాడు. సున్నం గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది కాబట్టి మూడు వారాల పైన పొయ్యి ముట్టించలేదు. ఆ రోజులన్నీ అమ్మకు రొట్టెలు చిన్నమ్మ ఇంటి నుంచే వచ్చాయి. కార్తీక పౌర్ణమి నాడు నాలుగు పుల్లలతో చిన్న మంట పెట్టాము. పొగ తిన్నగా పైకి లేచిపోతుంటే, మేస్త్రీ గారు వాకిట్లో నిలబడి చాలాసేపు తలెత్తి చూశారు. చివరి రెండు రోజుల కూలి ఎంత బతిమాలినా తీసుకోలేదు.

మేస్త్రీ గారూ, మీ చేతి పని వల్ల మా అమ్మ ఈ రోజు కూడా తన పొయ్యి దగ్గర కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. మీకూ, చిన్నమ్మకూ, పెద్దనాన్న గారికీ, తమ్ముళ్ళిద్దరికీ మా ఇంటిల్లిపాదీ చేతులెత్తి మొక్కుతున్నాము. మిగిలిన సున్నం కుండలో నీళ్ళ కింద చెడకుండా ఉంది. మన చుట్టుపక్కల పాత ఇంటి గోడకో, పొగగొట్టానికో కావలసినవారు వచ్చి తీసుకువెళ్ళండి.