లక్షల పిల్లలు సరే, తల్లులెన్ని?

సంపాదకులకు,

వానలు పడి చెరువుల్లోకి నీళ్లు చేరగానే తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో చేపపిల్లలు వదిలే సందడి మొదలవుతుంది. ఇన్ని లక్షలు వదిలామన్న అంకె పేపర్లో వస్తుంది. ఆ లక్షలు ఎన్ని తల్లిచేపల కడుపున పుట్టాయో ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అడగాల్సింది అదే.

శీలావతి కిలో బరువుకు రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది. మూడు కిలోల తల్లులు పది ఉంటే అరవై లక్షల గుడ్లకు తక్కువ ఉండవు. అంతకుమించి తల్లుల్ని మేపడం హేచరీకి (చేపపిల్లల్ని పుట్టించే కేంద్రానికి) దండగ ఖర్చులా తోస్తుంది. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదరి పీయూష గ్రంథి రసం సూదితో ఎక్కించి శీలావతి లాంటి కార్పు చేపలతో గుడ్లు పెట్టించాక, విత్తనం, అంటే చేపపిల్లల కోసం నది మీద ఆధారపడే బాధ తప్పింది. ఆ మేలు కాదనలేం. కానీ నదిలో వేల జంటలు కలిసే చోట, తొట్టిలో పదో ఇరవయ్యో జంటలు కలవడం మొదలైంది. ఆ పిల్లల్లోంచే బాగా పెరిగినవాటిని ఏరి మళ్లీ తల్లిచేపలుగా పెట్టుకుంటే జరిగేది మేనరికం కూడా కాదు, తోడబుట్టినవాటి మధ్య సంబంధం.

దీన్ని లెక్క కట్టడం తేలిక. మగచేపల సంఖ్యను ఆడచేపల సంఖ్యతో, మళ్లీ నాలుగుతో హెచ్చవేసి, మొత్తం చేపలతో భాగించాలి. 10 మగ, 40 ఆడ ఉంటే తొట్టిలో 50 చేపలు కనిపిస్తాయి, జన్యుపరంగా లెక్కకొచ్చేవి 32. ఆ 32కు రెట్టింపుతో ఒకటిని భాగిస్తే వచ్చేదే తరానికి పెరిగే అంతఃప్రజననం (దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటి కలయిక): ఒకటిన్నర శాతం పైచిలుకు. అదే 25 మగ, 25 ఆడ పెడితే ఒక శాతంతో సరిపోతుంది. 1990లో కర్ణాటక హేచరీలపై వెలువడిన అధ్యయనంలో లెక్కకొచ్చే చేపలు 3 నుంచి 30 మాత్రమే ఉన్నట్టు, అంతఃప్రజననం 2 నుంచి 17 శాతం దాకా ఉన్నట్టు తేలింది. గుడ్లు పొదగకుండా తెల్లబడిపోవడం, వెన్ను వంకర, మొప్పల మూత పొట్టిగా ఉండటం, ఎదుగుదల మందగించడం దీని ఫలితాలు. రైతు మాత్రం దాణానో నీటినో తిడతాడు.

ఇంకో పొరపాటు, బొచ్చె, శీలావతి, మోసు మూడింటికీ ఒకే రోజు సూది వేసి ఒకే తొట్టిలో వదలడం. మూడింటికీ క్రోమోజోములు 50 చొప్పునే. అందుకే వాటి సంకరాలు (రెండు జాతులు కలిసి పుట్టినవి) గొడ్డుబోవు, పెరిగి మళ్లీ గుడ్లు పెడతాయి. బొచ్చె నీటి పైభాగంలో, శీలావతి మధ్యలో, మోసు అడుగున మేస్తాయనే కదా మూడింటినీ కలిపి పెంచుతాం. సంకరం ఏ పొరకూ పూర్తిగా చెందదు, పక్కదాని మేతకు పోటీ పడుతుంది. బొచ్చె తల పెద్దది, కింది దవడ పైకి ఎత్తుకుని ఉంటుంది, మీసాలుండవు. శీలావతి పెదవి అంచు కుచ్చులుగా ఉంటుంది. రెంటికీ మధ్యస్థంగా ఉన్న చేప వలలో పడితే అనుమానించాల్సిందే. వేలెడంత పిల్లల్లో మాత్రం కంటితో పోల్చడం కష్టం. మోసం జరిగినా, పొరపాటు జరిగినా అక్కడే.

ఇదంతా చెరువు సంగతి. చెరువు నిండి మొరవ పోయి నీరు బయటికి పొర్లిందంటే ఇది ఏటి సంగతి అవుతుంది.

పాత చిత్తూరు జిల్లా పటం చూడండి. బాహుదా, పింఛా చెయ్యేరు మీదుగా పెన్నలో కలుస్తాయి. స్వర్ణముఖి నేరుగా బంగాళాఖాతానికి పోతుంది. పిచ్చాటూరు ఆరణియార్‌ది ఒక దారి, నగరి నుంచి కుశస్థలిది ఇంకో దారి. చిత్తూరు పక్కన పారే నీవా పొన్నై మీదుగా పాలారుకు చేరుతుంది. ఒక్క జిల్లాలో అయిదు పరీవాహకాలు. మంచినీటి చేప కొండ ఎక్కి అవతలి ఏటికి పోలేదు, సముద్రంలో ఈది పక్క నది మొగలోకి రాలేదు. వరదల్లో మైదానం మునిగినప్పుడో, ఒక నది మరో నది ఎగువ వాగును కోసుకుని కలుపుకున్నప్పుడో తప్ప రాకపోకలుండవు. అంటే పరిగె, జెల్ల లాంటి నాటు చేపలకు ఒక్కో పరీవాహకం ఒక్కో దీవి. ఇలా విడిపోయిన గుంపుల్లో మార్పులు వేర్వేరుగా పేరుకుని, కాలం గడిస్తే వేరే జాతులవుతాయి. భూమి ఉపరితలంలో ఒక్క శాతం కూడా లేని మంచినీటిలో ప్రపంచ చేపజాతుల్లో దాదాపు సగం ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. విడిపోవడం ఒక్కటే దారి కాదు లెండి. ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సులో సుమారు 15,000 ఏళ్లలోనే ఒకే నీటిలో వందల సిక్లిడ్ జాతులు పుట్టుకొచ్చాయి.

ఇప్పుడు ఆ దీవుల మధ్య వంతెనలు మనమే వేస్తున్నాం. హంద్రీ-నీవా కాలువ కృష్ణా నీటిని పాలారు ఎగువకు తెస్తోంది, ఆ నీటితో గుడ్లూ పిల్లలూ వస్తాయి. తాగునీరు, సాగునీరు వద్దనే మాట మాది కాదు. కాలువ నీరు పడక ముందు ఇక్కడ ఏ చేపలున్నాయో రాసిపెట్టుకుని ఉండాల్సింది. అది ఎలాగూ ఆలస్యమైంది, ఇకనైనా మొదలుపెట్టాలి. పని పెద్దదేమీ కాదు. ఒక్కో చేప రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి, 95 శాతం ఇథైల్ ఆల్కహాల్‌లో వేసి, పట్టిన చోటు, తేదీ రాసి, చేపను తిరిగి వదిలేయవచ్చు. జాతి గుర్తింపునకు ఆ ముక్కలో, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో దాదాపు 650 డీఎన్‌ఏ అక్షరాలు చదివితే చాలు. కాకపోతే మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కనుక సంకరాన్ని అది పట్టించదు, తల్లి జాతి పేరే చెబుతుంది. సంకరాల కోసం కణ కేంద్రకంలోని జన్యు గుర్తులు కూడా చూడాలి. తిరుపతిలోనే ఐసర్ (కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ) ఉంది, ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) ఉంది. 1983లో ఏర్పడిన చేపల జన్యు వనరుల జాతీయ సంస్థ లక్నోలో ఉంది.

శేషాచలం వాగుల సంగతి వేరుగా చెప్పాలి. ఎండాకాలంలో అవి గుంటలు గుంటలుగా మిగులుతాయి. మళ్లీ వాన వచ్చేదాకా ఆ గుంటల్లో బతికిన కొద్ది చేపలే మొత్తం వాగుకు మూలం. అలాంటి గుంటలో దోమల నివారణ పేరుతో గాంబూసియా వదిలితే అది గుడ్లను తింటుంది, చిన్న చేపల రెక్కలు కొరుకుతుంది, పిల్లల్నే కంటుంది కనుక వేగంగా పెరుగుతుంది. 1928లో దేశంలోకి తెచ్చిన చేప అది. దోమ పిల్లల్ని తినడానికి మన నాటు చేపలున్నాయి, తల మీద తెల్లచుక్కతో నీటి పైనే తిరిగే అప్లోకైలస్ లాంటివి. పుణ్యమని కోనేట్లోనో వాగులోనో అక్వేరియం చేపలు వదిలేవారూ ఉన్నారు. అద్దం శుభ్రం చేస్తుందని కొన్న దెయ్యం చేప బయటపడితే వలలు చిరుగుతాయి.

కాబట్టి ఈ సీజన్ నుంచి చేపపిల్లల ప్రతి లోడుతో ఒక చీటీ రావాలి: మగచేపలెన్ని, ఆడచేపలెన్ని, వాటిని ఎక్కడి నుంచి ఏ ఏడు తెచ్చారు, మూడు జాతులనూ వేర్వేరు తొట్లలో పెట్టారా లేదా. జాతికి 25 జంటలకు తగ్గితే విత్తనం తీసుకోకూడదు, 50 జంటలుంటే మేలు. ఒక్కో తల్లి నుంచి సమానంగా పిల్లల్ని తీసుకోవాలి, లేకుంటే ఆ 50 కాగితం మీదే ఉంటాయి. రెండు మూడేళ్లకోసారి హేచరీలు మగచేపలను మార్చుకోవాలి. వేగంగా పెరిగే జయంతి శీలావతిని మొరవ లేని కుంటలకు ఇవ్వండి. కల్యాణి డ్యామ్ ఎగువన, శేషాచలం వాగుల్లో ఏ పిల్లలూ వద్దు.

– మత్స్యశాస్త్ర అధ్యాపకులు, తిరుపతి