డబ్బు పోయినవాళ్లకే ప్రశ్నలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఆన్‌లైన్ మోసాల గురించి మీ పేపర్లో తరచూ వార్తలు వేస్తున్నారు, సంతోషం. నా ఇబ్బందల్లా హెడ్డింగులతోనే. 'అత్యాశకు పోయి లక్షలు పోగొట్టుకున్నాడు', 'లింకు నొక్కి ఖాతా ఖాళీ చేసుకుంది' అనే తరహాలో ఉంటున్నాయి. చదివితే నేరం చేసింది డబ్బు పోయినవాళ్లేనేమో అనిపిస్తుంది. దోచుకున్నవాడి ఊసే ఉండదు.

బాధితుల న్యాయం గురించి ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1985 నవంబరు 29న ఒక ప్రకటనను ఆమోదించింది. నేరం వల్ల శరీరానికి, మనసుకు, ఆస్తికి, ప్రాథమిక హక్కులకు నష్టం జరిగినవాళ్లంతా అందులో బాధితులే. నేరస్తుడు దొరక్కపోయినా సరే, శిక్ష పడకపోయినా సరే. దగ్గరి కుటుంబసభ్యులు, కాపాడబోయి తామే దెబ్బతిన్నవాళ్లు కూడా సందర్భాన్ని బట్టి ఆ లెక్కలోకి వస్తారు. 'ఇందులో నీ తప్పెంత?' అన్న షరతు మాత్రం లేదు.

ఆ తప్పుల లెక్క మొదలుపెట్టింది పండితులే లెండి. విక్టిమాలజీకి, అంటే నేరాల బాధితుల గురించి అధ్యయనం చేసే శాస్త్రానికి, ఆద్యుల్లో ఒకరైన బెంజమిన్ మెండెల్‌సన్, బాధితులను వాళ్ల తప్పు ఎంతన్నదాన్ని బట్టి తరగతులుగా విడదీశారు. తర్వాత వచ్చినవాళ్లు దాన్ని గట్టిగా విమర్శించారు. మన హెడ్డింగులు ఇంకా అక్కడే ఆగిపోయాయి.

ఫిర్యాదు చేయడానికి వెళితే రెండో దెబ్బ తగులుతుంది. ఒకరికి చెబితే ఇంకొకరి దగ్గరికి పంపుతారు, అక్కడ మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. 'ఓటీపీ ఎందుకిచ్చావు?', 'ఇంత చదువుకుని కూడానా?' అని నలుగురూ వింటుండగా అడుగుతారు. ఇంటికొస్తే అక్కడా అదే పాట. ఈ అవమానం పడలేకే చాలామంది కిక్కురుమనకుండా ఊరుకుంటారు. మోసగాడికి కావాల్సిందీ అదే.

ఇంకోపక్క, నాలుగు విమర్శలు రాగానే పేరున్న పెద్దమనిషి ఎవరైనా 'నేనూ బాధితుణ్నే' అంటే ఆ మాటను యథాతథంగా అచ్చేస్తారు. అక్కడ మాత్రం 'తమరికి జరిగిన నష్టమేంటి?' అని ఒక్క రిపోర్టరూ అడగడు!

జాగ్రత్తలు చెప్పొద్దని నేననడం లేదు. అవి వార్త పక్కన బాక్సు కట్టి వేయండి, కత్తిరించి దాచుకుంటాం. హెడ్డింగులో మాత్రం చేసినవాడి పని కనిపించాలి. 'బ్యాంకు అధికారినంటూ నమ్మించి లక్షలు కాజేశాడు' అని రాస్తే సరిపోతుంది. దానికి పేజీలో చోటు కూడా పెద్దగా ఎక్కువ పట్టదు.

ఇట్లు,
మీ పాఠకురాలు