మా పిల్లలకు ప్రసంగాలు కాదు, సాధన కావాలి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా బడి తల్లిదండ్రులందరం ఇచ్చిన వినతిపత్రాలు మీ కార్యాలయానికి చేరినట్టు రసీదులున్నాయి. జవాబు మాత్రం రాలేదు. అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను.

భద్రతా పాఠాలు ప్రతి బడిలో చెప్పిస్తామని మీరే మాటిచ్చారు. మా పిల్లలకు దక్కింది ఒక ప్రసంగం, గోడమీద ఒక పోస్టరు. "కొత్తవాళ్లతో మాట్లాడకండి" అని చెప్పి పంపేశారు. అయ్యా, పిల్లలను లైంగికంగా వేధించేవాళ్లలో ఎక్కువమంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లే. తెలిసిన మనిషే బండెక్కమని పిలిస్తే, "అమ్మకు చెప్పకు" అంటే ఏం చేయాలి? ఆ మాట ఎవరూ చెప్పలేదు. పైగా దారి తప్పిన పిల్ల సాయం అడగాల్సింది కొత్తవాళ్లనే కదా! అందరికీ భయపడమంటే ఎవరి దగ్గరకు వెళ్తుంది? తప్పిపోయిన చోటే నిలబడమని, పిల్లలతో ఉన్న తల్లినో, యూనిఫాంలో ఉన్న పోలీసునో అడగమని నేర్పాలి. అమ్మానాన్నల ఫోన్ నంబరు కంఠతా వచ్చేదాకా చెప్పించాలి.

అడిగితే గడగడా జవాబు చెప్పే పిల్లలు కూడా నిజంగా ఎవరైనా పిలిస్తే వెంట నడిచేస్తారు. ఈత గురించి విన్నంత మాత్రాన ఈత రాదు కదండీ. "రాను" అని గట్టిగా అరవడం, పరుగెత్తడం, వెంటనే పెద్దలకు చెప్పడం, ఇవన్నీ పిల్లలచేత మళ్లీ మళ్లీ చేయించాలి.

రోడ్డు సంగతీ అంతే. వచ్చే బండి వేగాన్ని, దూరాన్ని చిన్నపిల్లలు సరిగా అంచనా వేయలేరు. ఆగివున్న వాహనాల మధ్యలోంచి వస్తే డ్రైవరుకు కనపడను కూడా కనపడరు. చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు తీసుకెళ్లి నేర్పాల్సిన విద్య ఇది. టీచర్లను అనడం లేదు. వాళ్లకు శిక్షణ లేదు, పీరియడ్ లేదు, తోడు వచ్చే మనిషి లేడు.

ఎంత నేర్పినా పిల్లలు పిల్లలే. నడిచేవాళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు మించకూడదని 2020లో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రతపై జరిగిన ప్రపంచ దేశాల మంత్రుల సదస్సు ప్రకటించింది. బడి ముందైనా దాన్ని అమలు చేయించండి. సంబంధిత శాఖతో మీరే మాట్లాడండి.

దయచేసి వారానికొక పీరియడ్ ఇవ్వండి. టీచర్లకు శిక్షణ ఇప్పించండి. తోడుగా రావడానికి తల్లిదండ్రులం సిద్ధంగా ఉన్నాం. కనీసం మా వినతిపత్రానికి జవాబైనా ఇవ్వండి.

ఇట్లు,
ఒక తల్లి