వంద కోట్ల కార్డు సరే, మిగతా కార్డుల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో బేస్‌బాల్ కార్డుల మీద, అంటే ఆటగాళ్ల బొమ్మలతో ప్యాకెట్లలో అమ్మే అట్టముక్కల మీద వచ్చిన వ్యాసం చదివాను. 1952 నాటి, మికీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు 2022 ఆగస్టులో కోటీ 26 లక్షల డాలర్లకి, అంటే అప్పటి మారకంలో దాదాపు వంద కోట్ల రూపాయలకి అమ్ముడుపోయిందని రాశారు. నిజమే. అమ్మినాయన దాన్ని 1991లో 50 వేల డాలర్లకి కొన్నాడన్నారు. అదీ నిజమే. చివర్లో మాత్రం, ఇలాంటివి మీ ఇంటి అటక మీద కూడా ఉండొచ్చు, ఓసారి వెతుక్కోండి అన్నారు. నా పేచీ అక్కడే.

నేను గుంటూరు మనిషిని. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటూ మనవాళ్లకి ట్యాక్స్ రిటర్నులు వేసిపెడుతుంటాను. జనవరి నుంచి ఏప్రిల్ 15 దాకా మా డైనింగ్ టేబుల్ మీద అన్నం తినడానికి చోటుండదు. జీతాల డబ్ల్యూ-2లు, బ్రోకరేజ్ స్టేట్‌మెంట్లు, ఇండియాలో ఎఫ్‌డీల వడ్డీ కాగితాలు ఎప్పుడూ ఉండేవే. కొన్నేళ్లుగా వాటి మధ్య ఆన్‌లైన్లో కార్డులు అమ్మినందుకు వచ్చే 1099-కె ఫారాలు కూడా కనిపిస్తున్నాయి. వాటిని తెచ్చినవాళ్లలో లాభం చూపించినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

2020లో ఇక్కడ ఏం జరిగిందో మీ పాఠకులకి తెలియాలి. జనవరిలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ పోయాడు. మార్చికి అందరూ ఇళ్లలో పడ్డారు. టీవీలో ఆటల్లేవు, ఇంకో బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ మీద డాక్యుమెంటరీ ఒకటి వచ్చింది, ప్రభుత్వం చెక్కులు పంపింది. (మనవాళ్లలో చాలామందికి ఆ చెక్కులు రాలేదు, జీతాలు ఎక్కువ కాబట్టి. అయినా సందడికి ఏం తక్కువ?) నలభై ఏళ్ల మగవాళ్లందరికీ ఒకేసారి చిన్నప్పటి కార్డులు గుర్తొచ్చాయి. 1986 ఫ్లీర్ కంపెనీ జోర్డాన్ కార్డు, పదో గ్రేడుది (అంటే నాణ్యతకి పదికి పది మార్కులు వచ్చినది), 2021 జనవరి చివర్లో 7 లక్షల 38 వేల డాలర్లు పలికింది. ఆ ఏడాది మే నెలలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక టార్గెట్ షాపు పార్కింగులో కార్డుల కోసం కొట్టుకుని తుపాకీ తీసేదాకా వెళ్లింది. దాంతో ఆ సంస్థ కొంతకాలం తన షాపుల్లో కార్డులు అమ్మడమే ఆపేసింది. ఆ 7 లక్షల 38 వేల జోర్డాన్ కార్డు మాటేమిటంటారా? అదే కార్డు, అదే గ్రేడు, తర్వాత రెండేళ్లలో మూడో వంతు ధరకి కూడా అమ్ముడైంది. మొదటి వార్త ప్రపంచమంతా వచ్చింది. రెండోది ఎక్కువగా కార్డులవాళ్లే రాసుకున్నారు.

ఇక మా వాళ్ల సంగతి. గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను. ఒక అబ్బాయి, మంచి కంపెనీలో ప్రోగ్రామరు, భార్యాభర్తలిద్దరివీ జీతాలు. "అక్కా, ఇది కూడా స్టాక్స్ లాంటిదే. ప్లేయర్ మీద ఇన్వెస్ట్ చేస్తున్నాం" అన్నాడు. ఇల్లు తాకట్టు మీద తీసుకునే హోమ్ ఈక్విటీ లైన్ ఉంటుంది ఇక్కడ, దాంట్లోంచి డబ్బు తీసి కార్డులు కొన్నాడు. ఆ లోన్ల వడ్డీకి ఆధారమైన ప్రైమ్ రేటు 2022 మొదట్లో 3.25 శాతం, 2023 జూలైకి 8.5. కార్డులు దిగుతుంటే వడ్డీ ఎక్కింది. ఎక్కువ పెట్టింది జయాన్ విలియమ్‌సన్ మీద. 2019లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో అందరికంటే ముందు న్యూ ఆర్లియన్స్ బాస్కెట్‌బాల్ జట్టు తీసుకున్న కుర్రాడు. మొదటి సీజన్లో 24 ఆటలే ఆడాడు, 2021-22 సీజన్లో కాలి దెబ్బతో ఒక్కటీ ఆడలేదు. స్టాక్స్ లాంటిదేనట. ఒక మనిషి కాలి ఎముక మీద ఆధారపడ్డ కంపెనీ షేరు ఎవరైనా కొంటారా అని అడిగాను. నవ్వాడు, కానీ అమ్మలేదు.

కాలి దెబ్బ ఒక్కటే కారణం కాదు. అసలు సంగతి మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. కార్డుని పీఎస్ఏ లాంటి గ్రేడింగ్ కంపెనీకి పంపితే అంచులు, మూలలు, అచ్చు మధ్యలో పడిందా లేదా చూసి ఒకటి నుంచి పది దాకా మార్కులేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి పంపుతారు. దాన్ని స్లాబ్ అంటారు. ఏ కార్డుకి ఏ గ్రేడువి ఎన్ని ఇచ్చారో కంపెనీ వెబ్‌సైట్లో ఉచితంగా చూసుకోవచ్చు, పేరు పాప్ రిపోర్ట్. 1986 జోర్డాన్ కార్డుకి పీఎస్ఏ పదులు మూడు వందల పైచిలుకు. ప్రిజమ్ అనే రకంలో జయాన్ మామూలు కార్డుకి వేలకు వేలు. 1986లో పిల్లలు ప్యాకెట్ చించి, కార్డుకి రబ్బరు బ్యాండు వేసి జేబులో కుక్కుకున్నారు. 2019లో పెద్దవాళ్లు గ్లవ్స్ వేసుకుని విప్పారు. అందరూ జాగ్రత్త చేసిన వస్తువు అరుదు ఎలా అవుతుంది?

పైగా ఆ లెక్క పెరుగుతుందే కానీ తగ్గదు. 2021 మార్చి చివర్లో కార్డులు కుప్పలు పడి పీఎస్ఏ వాళ్లు మామూలు సర్వీసుల్లో కొత్తవి తీసుకోవడం ఆపేశారు. అప్పటికే వెళ్లినవి నెలల తర్వాత తిరిగొచ్చాయి. అంటే ధర బాగున్నప్పుడు పంపినవాళ్లందరి స్లాబ్‌లూ, కొనేవాళ్లు తగ్గిన రోజుల్లో బజారుకి చేరాయి. ఆ ప్రోగ్రామరు అబ్బాయి కార్డులు కూడా ఆ గుంపులోనే వచ్చాయి. రోజూ ఫోన్లో ధర చూసుకునేవాడు కానీ పాప్ రిపోర్ట్ చూసింది మా ఇంట్లో, నా లాప్‌టాప్ మీద.

మాంటిల్ కార్డు ఎందుకు అంత పలికిందో కూడా ఇదే చెబుతుంది. టాప్స్ కంపెనీ 1952లో ఆ కార్డు ఉన్న ఆఖరి సిరీస్‌ని సీజన్ చివర్లో విడుదల చేసింది. అప్పటికి పిల్లలకి ఫుట్‌బాల్ మీదికి మనసు పోయింది, షాపులవాళ్లు ఆర్డర్లు పెట్టలేదు. మిగిలిపోయిన సరుకుని ఎవరికీ అంటగట్టలేక 1960 ప్రాంతంలో పడవకెత్తి అట్లాంటిక్‌లో పారబోశామని ఆ కార్డులు తయారుచేసిన సై బెర్గరే తర్వాత చెప్పాడు. సముద్రంలో పడ్డవి పడగా మిగిలినవాటికి ఆ విలువ. 1980ల చివర్లో ఈ కథలన్నీ పేపర్లలో వచ్చాకే అమెరికాలో తల్లిదండ్రులు పిల్లల కాలేజీ చదువులకని కార్డుల డబ్బాలు కొని దాచారు. కంపెనీలు ఎన్ని కావాలంటే అన్ని అచ్చేశాయి. 1994లో బేస్‌బాల్ ఆటగాళ్లు సమ్మె చేసి, ఏటా జరిగే ఫైనల్ పోటీ వరల్డ్ సిరీసే రద్దయ్యాక ఆ ఉబ్బు దిగిపోయింది. ఆ కాలం సరుకుని ఇప్పుడు జంక్ వ్యాక్స్, అంటే మైనం కాగితం ప్యాకెట్ల చెత్త అంటారు. మా వీధిలో గరాజ్ సేల్ పెడితే 1990 నాటి కార్డులు డబ్బాకి ఐదు డాలర్లు. ఎవరైనా తీసుకెళ్తే అదే పదివేలన్నట్టు చూస్తారు.

ఇప్పుడు ప్యాకెట్లు కొనడం కంటే పెద్ద జబ్బు బ్రేక్‌లు. ఒకాయన లైవ్ వీడియోలో కార్డుల పెట్టె తెరుస్తుంటాడు. ముందే జట్ల పేర్లు అమ్ముతాడు. మీరు డాలస్ కొంటే డాలస్ ఆటగాళ్ల కార్డులు మీకు, వేరే జట్టు కొన్నవాడికి వాడివి. మీ జట్టుది మంచి కార్డు రాకపోతే డబ్బు పోయినట్టే. కోటప్పకొండ తిరునాళ్లలో రింగులేసే ఆటకీ దీనికీ తేడా ఏమిటంటే, అక్కడ రాత్రికి మన జేబులో చిల్లర అయిపోయి ఇంటికొస్తాం. ఇక్కడ క్రెడిట్ కార్డు సేవ్ అయి ఉంటుంది, అర్ధరాత్రి రెండింటికి కూడా వేలితో ఒక్కసారి జరిపితే చాలు. ఆ అబ్బాయి భార్య స్టేట్‌మెంట్లు ప్రింటు తీసుకుని వచ్చింది. నలభై, అరవై, నూట ఇరవై డాలర్లు, ఒక్కో రాత్రి పది పదిహేను సార్లు. "పెద్ద మొత్తం ఒక్కటీ లేదక్కా, అందుకే నాకు తెలియలేదు" అంది. ఆమె ప్రోగ్రామర్ కాదు, అకౌంట్స్‌లో పనిచేస్తుంది.

పోయిన డబ్బు లెక్క కూడా అనుకున్నంత సులువు కాదు. ఒక కార్డు 1,800 డాలర్లకి కొన్నాడు. 2023లో 190కి అమ్మాడు. సైటు కమీషన్ ఇంచుమించు 13 శాతం, అంటే పాతిక డాలర్లు. పోస్టేజీ, ఇన్సూరెన్స్ పది. చేతికొచ్చింది 155. నష్టం 1,645. దీన్ని జీతంలోంచి తీసేయొచ్చు కదా అన్నాడు. పెట్టుబడిగా కొన్నానని చూపగలిగితే, లాభాలతో సర్దుబాటు పోను ఏడాదికి 3 వేల డాలర్ల వరకే ఇతర ఆదాయంలోంచి తీసేయనిస్తారు, మిగిలింది తర్వాతి ఏళ్లకి జరుపుకోవాలి. సరదాకి కొన్నానంటే ఒక్క డాలరూ తీసేయనివ్వరు. బ్రేక్‌లో పోయినదానికి ఏ కార్డూ చేతికి రాలేదు, చూపించడానికి ఏముంది? అదే లాభం వచ్చి ఉంటే, షేర్ల మీద దీర్ఘకాలిక లాభానికి చాలామంది కట్టే 15 శాతం కాకుండా, కలెక్టిబుల్స్ కింద 28 శాతం దాకా పోతుంది. ఆ ఒక్క అబ్బాయికి జరుపుకోవాల్సిన నష్టం పదేళ్లకి సరిపడా ఉంది. వాళ్ల పాప ఇప్పుడు మూడో తరగతి.

ఇది అమెరికా వాళ్ల గొడవ, మనకెందుకు అని మీ పాఠకులు అనుకోవచ్చు. 2022లో ఇండియాలో క్రికెటర్ల డిజిటల్ కార్డులు ఎంత హడావుడి చేశాయో గుర్తు తెచ్చుకోండి. విజయవాడలో ఉండే మా అక్క కొడుకు బండి కొనుక్కోమని ఇచ్చిన డబ్బు వాటిలో పెట్టాడు. కొనేవాళ్లు లేక ఇప్పుడవి ఫోన్లో బొమ్మలుగా మిగిలాయి. అక్కడి పన్ను ఇక్కడికంటే కఠినం. 2022 ఏప్రిల్ నుంచి ఇలాంటి వర్చువల్ ఆస్తుల లాభం మీద 30 శాతం, నష్టమొస్తే అలాంటిదే మరో దాని లాభంతో కూడా సర్దుకోనివ్వరు. ఇక పాత నోట్ల కథ మీకు నేను చెప్పక్కర్లేదు. ట్రాక్టర్ బొమ్మ ఐదు రూపాయల నోటుకి లక్షలు, 786 నంబరు ఉంటే లక్షలు అని చెప్పి, ముందు కమీషన్ కట్టమని గుంజుకునేవాళ్ల గురించి, తమ పేరూ లోగో వాడుకుంటున్నారని 2021 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకే హెచ్చరిక జారీ చేసింది. అది పచ్చి మోసం, కార్డులది బజారు. రెండూ ఒకటని నేననను. కానీ రెండింటికీ మనుషుల్ని సిద్ధం చేసేది ఒకే రకం వార్త: ఫలానా వస్తువుకి ఇంత ధర, మీ ఇంట్లో ఉందేమో చూడండి.

అందుకని మీకు నా మనవి. రికార్డు ధర వార్తే, వేయండి. పక్కనే ఆ వస్తువులు ఎన్ని ఉన్నాయో వేయండి. అడుగుతున్న ధర కాకుండా అమ్ముడైన ధర వేయండి. ఈబేలో అమ్ముడైనవాటిని విడిగా చూపించే మీట ఉంది, మీ విలేకరికి రెండు నిమిషాల పని. ఆరు నెలల తర్వాత అదే వస్తువు ఎంతకి పోయిందో కూడా రాయండి. అది మొదటి పేజీలో రాదని నాకు తెలుసు. లోపలి పేజీల్లోనైనా చాలు.

ఇంకొకటి. ఇదే శీర్షికలో పోయిన వారం నరసరావుపేట పాఠకులొకరు, 1987 ప్రపంచకప్ రోజుల్లో బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెట్ కార్డులు తన దగ్గర ఉన్నాయని, అమెరికా పంపి గ్రేడింగ్ చేయిస్తే ఎంతొస్తుందని అడిగారు. అయ్యా, పంపకండి. క్రికెట్ కార్డులకి ఇక్కడ కొనేవాళ్లు చాలా తక్కువ. మీరు వాటితో ఆడుకునే ఉంటారు, మూలలు అరిగే ఉంటాయి. ఒక్కో కార్డుకి గ్రేడింగ్ ఫీజు, రానూపోనూ కొరియర్, ఇన్సూరెన్స్ కలిపితే వేలల్లో అవుతుంది. అమ్మాలనే ఉంటే హైదరాబాద్‌లో నాణేలు, స్టాంపుల ప్రదర్శనలు జరుగుతుంటాయి, ఈసారి జరిగినప్పుడు పట్టుకెళ్లండి. అక్కడ స్టాలు వాళ్లని "దీని ధర ఎంతుంటుంది" అని అడగొద్దు. "నువ్వు ఇప్పుడు ఎంతిస్తావు" అని అడగండి.

నా పేరు వేయకండి. క్లయింట్లు మీ పేపరు ఆన్‌లైన్లో చదువుతారు.

– ఒక పాఠకురాలు,
ఫ్రిస్కో, టెక్సాస్