ఆ ఫోటోలో కారు కింద స్టాండ్లు ఏవి?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మొన్న ఆదివారం మీ పేపర్లో కారు చిన్న చిన్న రిపేర్లు ఇంట్లోనే ఎలా చేసుకోవాలో ఒక ఆర్టికల్ వేశారు, మంచి పని చేశారు. ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు చూసుకోవడం లాంటివి ఓపిక ఉంటే ఎవరైనా నేర్చుకోవచ్చు, నేనూ 12 ఏళ్ళుగా మా కారు పనులు సగం నేనే చేసుకుంటున్నా. కానీ ఆ ఆర్టికల్ పక్కన వేసిన ఫోటో చూడగానే గుండె ఝల్లుమంది. ముందు చక్రం ఊడదీసి ఉంది, కారు ఒక్క ట్రాలీ జాకీ (చిన్న చక్రాల మీద దొర్లే, హ్యాండిల్ కొడితే ఆయిల్ ప్రెషర్ తో లేపే జాకీ) మీద ఆగి ఉంది, ఒకాయన నడుము దాకా కారు కిందకి దూరి ఉన్నాడు. లేపిన కారు బరువు మోసే ఇనుప స్టాండు కింద లేదు, వెనక చక్రాలకి అడ్డు లేదు, తీసిన చక్రం కూడా దూరంగా గోడకి ఆనించి ఉంది. ఆర్టికల్ మొత్తం చదివేవాళ్ళు కొందరే ఉంటారు, ఫోటో మాత్రం అందరూ చూస్తారు, చూసి అలాగే చేస్తారు, అందుకే ఈ ఉత్తరం.

నాకు జరిగింది చెప్తాను. 4 ఏళ్ళ కింద ముందు బ్రేక్ ప్యాడ్లు మార్చుదామని కారు లేపి చక్రం తీశా. స్టాండ్లు పక్కనే ఉన్నాయి, కానీ పావుగంట పనే కదా అని పెట్టలేదు. ఈలోగా ఎవరో ఫోన్ చేస్తే లోపలికి వెళ్ళి మాటల్లో పడిపోయా, అరగంట తర్వాత వచ్చి చూస్తే జానెడు ఎత్తులో ఉండాల్సిన బ్రేక్ డిస్కు బెత్తెడు ఎత్తులోకి దిగిపోయి ఉంది. కొత్త ప్యాడ్ల అట్టపెట్టె దాని కిందే పెట్టి వెళ్ళా, అది ఒక మూల నలిగిపోయి డిస్కుకీ నేలకీ మధ్య ఇరుక్కుని ఉంది. చప్పుడు లేదు, ఏదీ విరగలేదు, జాకీ హ్యాండిల్ ఎలా వదిలానో అలాగే ఉంది, కింద నేల మీద రూపాయి బిళ్ళంత ఆయిల్ మరక మాత్రం ఉంది. అసలు భయం అదే అండి, కారు ధడాలున పడితే కనీసం తెలుస్తుంది, ఇది ఏమీ చెప్పకుండా మెల్లగా దిగింది. ఆ పెట్టె ఉన్న చోట అంతకుముందే నా చెయ్యి పెట్టి పని చేశాను.

తర్వాత ఆ జాకీ విప్పి చూస్తే రబ్బరు సీల్ ఒకటి అంచున చీలి ఉంది, అంతే. అప్పుడు అర్థమైంది ఇది ఎలా పని చేస్తుందో. 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే, మూసి ఉన్న ద్రవం మీద ఒక చోట ప్రెషర్ పెడితే అది అన్ని వైపులా ఒకేలా పాకుతుంది. మనం హ్యాండిల్ కొడితే సన్నటి పిస్టన్ ఆయిల్ ని నెడుతుంది, ఆ ప్రెషరే లావుపాటి పిస్టన్ కింద చేరి దాని వైశాల్యం ఎంత ఎక్కువో అంత ఎక్కువ బలంతో లేపుతుంది, అందుకే మన చేతి బలానికి టన్ను బరువు లేస్తుంది. లేపాక ఆ ఆయిల్ వెనక్కి పోకుండా ఆపేది ఏంటి అంటే సైకిల్ బేరింగులో ఉండే గుండు లాంటి ఒక చిన్న స్టీలు బాలు, ఒకటి రెండు రబ్బరు సీళ్ళు, కారు దించడానికి తెరిచే ఒక రిలీజ్ వాల్వ్. బాలు కింద ఇసుక రేణువంత మురికి చేరినా, సీల్ ముసలిదైనా, వాల్వ్ సరిగ్గా బిగించకపోయినా కారు దిగుతుంది. ఎంత ఖరీదైన జాకీకైనా ఇంతే. కాబట్టి జాకీ కారుని లేపి స్టాండు మీదకి చేర్చే వరకే, ఆ తర్వాత బరువు మోయాల్సింది స్టాండు, ఎందుకంటే దాంట్లో ఆయిల్ లేదు, ఇనుము ఇనుము మీద కూర్చుంటుంది.

ఇంక కొనేటప్పుడు అందరూ అడిగేది ఎన్ని టన్నులు అని. అది చూడాలి, కానీ అదొక్కటే చూసి మోసపోతున్నారు. మనం ఒకేసారి కారు మొత్తం లేపం, ఒక మూలో ఒక చివరో లేపుతాం. ముందు ఇంజిన్, ముందు చక్రాల డ్రైవ్ ఉన్న చిన్న కారు 1,100 కిలోలు ఉంటే ముందు వైపు సుమారు 650 కిలోలు ఉంటుంది, దానికి 2 టన్నుల జాకీ ధారాళంగా సరిపోతుంది. పెద్ద ఎస్‌యూవీ ఉన్నవాళ్ళు 3 టన్నులది తీసుకుంటే మంచిది. ఒక చిన్న మెలిక ఏంటంటే అమెరికా లెక్కలో వచ్చే టన్ను 907 కిలోలే, మెట్రిక్ టన్ను 1,000 కిలోలు, అందుకని టన్నులు కాకుండా కిలోల్లో ఎంత రాశారో చూసుకోవాలి.

అసలు చూడాల్సింది ఎత్తులు, ఒకటి కాదు రెండు. పూర్తిగా దించితే జాకీ ఎంత ఎత్తు ఉంటుంది, అది మన కారు కిందకి దూరుతుందా, టైరు గాలి పోయి కారు ఒరిగినప్పుడు కూడా దూరుతుందా అనేది మొదటిది. రెండోది పూర్తిగా లేపితే ఎంత వరకు వస్తుంది అనేది, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. చిన్న సైజు 2 టన్నుల ట్రాలీ జాకీలు చాలా వరకు 33, 35 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. మామూలు స్టాండు బాగా దించి పెట్టినా 27, 28 సెంటీమీటర్లు ఉంటుంది. మరి కారు లేపుతుంటే సస్పెన్షన్, అంటే చక్రాల దగ్గరి స్ప్రింగులు, ముందు సాగుతుంది, చక్రం నేల వదలడానికే సగం ఎత్తు అయిపోతుంది, ఇంక స్టాండు పెట్టేంత సందు ఎక్కడ మిగులుతుంది? అప్పుడు జనం ఏం చేస్తారు, జాకీ మీద చెక్క ముక్కలు పేర్చి ఇంకొంచెం లేపుదాం అనుకుంటారు, లేదంటే స్టాండు మానేసి ఇటుకలు పెడతారు. తప్పు జరిగేది కారు కింద కాదు, కొనేటప్పుడే జరిగిపోయింది. అందుకని జాకీ, స్టాండ్ల జత రెండూ ఒకేసారి కొనండి, టేపు పెట్టి కారు ఎత్తు, జాకీ ఎత్తు, స్టాండు ఎత్తు మూడూ కలిపి లెక్క వేసుకుని కొనండి. డబ్బులు తక్కువ పడితే జాకీ కాస్త చవకది తీసుకోవచ్చేమో గానీ స్టాండ్లు మాత్రం వాయిదా వెయ్యొద్దు.

ఇటుకలు, సిమెంట్ దిమ్మలు మాత్రం వద్దే వద్దు. బోలు సిమెంట్ దిమ్మ గోడలో ఉన్నప్పుడు బరువు దాని మీద అంతటా పరుచుకుంటుంది, కారు కింద పెడితే ఒకే చోట గుచ్చుకుంటుంది, ముందు పగులు కూడా కనపడకుండా ఒక్కసారిగా పొడి పొడి అయిపోతుంది.

కారుతో పాటు డిక్కీలో ఇచ్చే చిన్న సిజర్ జాకీ గురించి ఒక్క మాట, అది దారిలో స్టెప్నీ మార్చుకోవడానికి ఇచ్చింది, దాంతో లేపి కారు కిందకి తల పెట్టకండి.

వాడేటప్పుడు నేల గట్టిగా, సమంగా ఉండాలి అని అందరూ చెప్తారు, ఎందుకో చెప్పరు. ట్రాలీ జాకీ చెయ్యి నిటారుగా పైకి వెళ్ళదు, ఒక చివర బిగించిన కర్రని లేపితే రెండో చివర ఎలా వంపు తిరుగుతూ వెళ్తుందో అలా వెళ్తుంది. అంటే పైకి లేచే కొద్దీ దాని చివర కారుకి ఆనే గిన్నె హ్యాండిల్ వైపు జరుగుతుంది, కారు కదలదు కాబట్టి జాకీయే తన చక్రాల మీద కారు కిందకి దొర్లాలి. నున్నటి గచ్చు మీద బాగానే దొర్లుతుంది. మట్టిలోనో కంకర మీదో గచ్చు పగుల్లోనో చక్రం ఇరుక్కుంటే జాకీ దొర్లదు, అప్పుడు గిన్నె కారు అంచుని పట్టుకుని లాగుతుంది, లాగి లాగి జారుతుంది. లేపేటప్పుడు నేను ప్రతి నాలుగైదు దెబ్బలకీ ఒకసారి వంగి గిన్నె ఎక్కడ ఉందో చూస్తా, జాకీ చక్రాలు కదులుతున్నాయా అని కూడా చూస్తా. ఎండకి మెత్తబడిన తారు మీద అయితే స్టాండు కాళ్ళు మెల్లగా దిగబడతాయి, కింద మందపాటి ప్లైవుడ్ చెక్క పెట్టాలి.

హ్యాండ్ బ్రేక్ వేశాం కదా అని ధీమాగా ఉండటం ఇంకో పొరపాటు. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, మనం వెనక వైపు లేపితే బ్రేకు ఉన్న చక్రాలే గాల్లో ఉంటాయి, ఇంక కారుని ఆపేది ఏంటి? గేర్లో పెట్టడం, నేల మీద ఉన్న చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టడం రెండూ చెయ్యాలి. చక్రం నట్లు కారు లేపక ముందే కొంచెం వదులు చేసుకోవాలి, లేపాక స్పానర్ మీద ఎక్కి తొక్కితే కారు ఊగిపోతుంది.

ఎక్కడ లేపాలో కారు మాన్యువల్లో బొమ్మతో సహా ఉంటుంది. తలుపుల కింద అంచులో గాట్లు ఉన్న చోటు ఒకటి, ముందు వెనక గట్టి క్రాస్ మెంబర్ (కారు కింద అడ్డంగా ఉండే ఇనుప దూలం) ఉంటే అది ఒకటి. ఇంజిన్ ఆయిల్ ఛాంబర్ కింద పెట్టి లేపి ఛాంబర్ పగలగొట్టుకున్న మా తమ్ముడు పక్కనే ఉన్నాడు ఈ ఉత్తరం రాస్తుంటే, అది కూడా రాయమన్నాడు. ఎలక్ట్రిక్ కార్లకి కింద అంతా బ్యాటరీయే, జాకీ నాలుగు వేళ్ళు పక్కకి పెట్టినా బ్యాటరీ పెట్టె దెబ్బ తినొచ్చు, వాటికి మాన్యువల్ చూడకుండా అసలు లేపొద్దు.

స్టాండ్లు పెట్టాక జాకీ మెల్లగా వదిలి బరువంతా స్టాండ్ల మీద కూర్చోనిచ్చి, జాకీని ఊరికే తగిలేలా కింద ఉంచి, తీసిన చక్రాన్ని సిల్ (తలుపుల కింది అంచు) కిందకి పడుకోబెట్టండి, అది ఎలాగూ ఖాళీగానే ఉంది కదా. తర్వాత బయట నిలబడి కారుని గట్టిగా తోసి చూడండి. పడేదేదో మనం బయట ఉన్నప్పుడే పడాలి.

స్టాండు ఉంది కదా అని దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. 2020లో అమెరికాలో ఒక పెద్ద టూల్స్ కంపెనీ లక్షల కొద్దీ స్టాండ్లు వెనక్కి పిలిపించుకుంది, స్టాండుని ఆ ఎత్తులో ఆపే పళ్ళలో కొక్కెం పూర్తిగా కూర్చోక బరువు పడ్డప్పుడు జారే ప్రమాదం ఉందని, అదే ఏడాది వాటికి బదులుగా ఇచ్చిన వాటిలో కొన్నిటినీ మళ్ళీ పిలిపించుకుంది. అందుకే కొక్కెం పళ్ళలో పూర్తిగా దిగిందో లేదో వేలితో తడిమి చూడాలి, అడ్డంగా ఇంకో పిన్ను పెట్టే రకం అయితే ఇంకా మంచిది. కొనేటప్పుడు అమెరికా ప్రమాణం అయితే ఏఎస్ఎంఈ పేస్ అని, యూరప్ జాకీ అయితే ఈఎన్ 1494 అని ఉందేమో చూడండి.

జాకీకి ఆయిల్ తగ్గితే చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ పొయ్యకండి, జాకీ సీళ్ళు ఉబ్బి పాడైపోతాయి, హైడ్రాలిక్ జాకీ ఆయిలే పొయ్యాలి. పంపు కొడుతుంటే స్పాంజిలా మెత్తగా ఉంటే లోపల గాలి చేరినట్టు, రిలీజ్ వాల్వ్ తెరిచి బరువు లేకుండా పదిసార్లు కొడితే చాలా సార్లు పోతుంది. పని అయ్యాక పూర్తిగా దించి దాచండి.

ఎడిటర్ గారూ, నాది ఒక్కటే విన్నపం. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజులో ఇంకో ఫోటో వెయ్యండి, కారు రెండు స్టాండ్ల మీద ఉన్నది, వెనక చక్రాలకి అడ్డు కనపడేది, తీసిన చక్రం సిల్ కింద ఉన్నది. సవరణ అని మూలన రెండు లైన్లు వేస్తే ఎవరూ చూడరు. మీ దగ్గర అలాంటి ఫోటో లేకపోతే చెప్పండి, వచ్చే వారం మా కారు ఆయిల్ మార్చాలి, తీసి పంపిస్తాను. నా స్టాండ్లు పసుపు రంగువి, నలుపు తెలుపులో వేసినా బాగానే కనపడతాయి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు